ఆకు వద్దన్న రంగు

పచ్చగా ఉంటే బాగున్నట్టే అని మొదట ఎవరన్నారో నాకు తెలియదు. తెలిస్తే మాత్రం ఊరుకునేదాన్ని కాదు. కాలేజీలో పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. కోపం వస్తే చాక్‌పీసు విరిగేదాకా బోర్డు మీద గీస్తుంది తప్ప ఎవరినీ పల్లెత్తు మాట అనదని నాకో పేరుండేది. ఆ పేరు ఆ చలికాలంలో పోయింది. పోతే పోనీ! మా అక్క మడికి ఎండ రాకుండా చేసినవాళ్ళ మీద నాకొచ్చిన కోపం ఇంకా చల్లారలేదు. చల్లారాలని నాకూ లేదు.

మా అక్క ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర ఆకుకూరలు అమ్ముతుంది. పొద్దున్నే గోనెసంచి పరుచుకుని కూర్చుంటుంది. పాలకూర, మెంతికూర, కొత్తిమీర అక్కడ అందరి దగ్గరా దొరుకుతాయి. మా అక్క దగ్గర మాత్రమే దొరికేది ఎర్ర తోటకూర. పప్పులో వేస్తే పప్పంతా ఎర్రబడుతుంది. ఆ రంగన్నం పెడితే మారాం చేసే పిల్లలు కూడా నోరు మూసుకుని తింటారు. ఆఫీసులకు పోయే ఆడవాళ్ళు బస్సు కదులుతుంటే కిటికీలోంచి చేయి చాపి మరీ కట్ట అందుకుంటారు. అక్కను పేరు పెట్టి పిలిచేవాళ్ళు అక్కడ లేరు, "ఎర్రకూరక్క" అంటేనే పలుకుతుంది.

ఆ కూర పండేది కొంగరకలాన్ వైపు పోయే దారిలో, బోరు కింద ఉన్న కొద్దిపాటి భూమిలో. విత్తనం అక్కే తీసి దాస్తుంది, అక్కే చల్లుతుంది, అక్కే కోస్తుంది. చుట్టుపక్కల చేన్లన్నీ ఒకటొకటిగా ప్లాట్లయిపోయాయి. మొన్నటిదాకా కందులు కాసిన చోట ఇప్పుడు తెల్ల రంగేసిన రాళ్ళు పాతి ఉన్నాయి. అక్క భూమికి పడమట కూడా ఒక వెంచర్ వచ్చింది. వాళ్ళు గీసుకున్న రోడ్డు తిన్నగా పోవాలంటే అక్క భూమి అడ్డం. అమ్మమని అడిగారు. అక్క అమ్మనంది. మళ్ళీ మళ్ళీ అడిగారు. అక్క ఒక్కటే మాట అంది, "నేను కూర అమ్ముకునేదాన్ని, నేల అమ్ముకునేదాన్ని గాదు."

అంతే, ఇక అడగడం మానేశారు. అడగడానికి బదులు గోడ కట్టారు.

మామూలు గోడ కాదది. ఇద్దరు మనుషులు ఒకరి భుజం మీద ఒకరు ఎక్కినా అవతల ఏముందో కనబడదు. జానెడు సందు కూడా వదలకుండా హద్దుకు ఆనించి తమ వైపు లేపారు. వానాకాలం పోయి చలికాలం వచ్చాక దాని సంగతి తెలిసింది. చలికాలపు పొద్దు కిందినుంచే నడుస్తుంది. మధ్యాహ్నం అన్నం తిని లేచేసరికే గోడ నీడ మడుల మీదికి పాకి వచ్చేది, సాయంత్రానికి అటు చివర దాకా పరుచుకునేది. పంట సరిగా రాక బావ బెంగ పెట్టుకున్నాడు. మా బావ మంచివాడే, ఆటో నడుపుతాడు, కానీ తొందరగా చేతులెత్తేసే రకం. "ఈ పంట గూడ మంచిగ రాకుంటే ఇగ నాతోని గాదు. ఇచ్చేద్దాం" అన్నాడు. అక్క లేచి మడికి నీళ్ళు పెట్టడానికి పోయింది.

ఒక ఆదివారం చర్చి అయిపోయాక ఫోన్ చేసింది. "చెల్లె, జర వచ్చి చూడవే. కూరకు ఏదో తెగులు తగిలినట్టుంది. ఎరుపు పోయి పచ్చగైతున్నది. ఏం మందు కొట్టాల్నో చెప్పు."

వెళ్ళి చూశాను. మచ్చ లేదు, పురుగు లేదు, ఆకు ముడత లేదు. కాని గోడ పక్క మడిలో కూర అసలు ఎర్ర తోటకూరలా లేదు. సన్నగా, పొడుగ్గా సాగి, కాడ బలం లేక పక్కకు వాలి, ఆకులు మాత్రం వెడల్పై పచ్చగా ఉన్నాయి. నీడ ఎక్కువసేపు ఉండే చోట అంతా పచ్చే. దూరంగా తూర్పు అంచున, నీడ ఆఖరికి చేరే చోట, ఒక వరస మాత్రం ఎప్పటిలాగే ఎర్రగా నిలబడి ఉంది. ఆ రెండింటి మధ్య తేడా ముగ్గు గీసినంత స్పష్టంగా కనబడుతోంది.

"అక్కా, తెగులు లేదు, గిగులు లేదు. నీ కూరకు తగిలింది గోడ" అన్నాను.

అప్పుడే గేటు వైపునుంచి వెంచర్ మేనేజర్ వచ్చాడు. ఎప్పుడూ నవ్వుముఖమే. ఆ నవ్వు చూస్తేనే నాకు ఒళ్ళు మంట. "ఏం మేడం, పరేషాన్‌ల ఉన్నరు? మా గోడ నీడకు మీ పంట ఇంకింత పచ్చగైంది గదా! మస్తుగ ఉన్నది. ఇంకేం గావాలె మీకు?"

అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకంటే వాడు అన్నది వాడొక్కడి మాట కాదు. ఏటేటా నా క్లాసులో సగంమంది పిల్లలు పరీక్షలో అదే రాస్తారు. ఆకు పచ్చగా ఉంటుంది కాబట్టి పచ్చ వెలుగును పీల్చుకుంటుందట! ఎర్రసిరాతో కొట్టేసి కొట్టేసి నా చేయి నొప్పి పుట్టింది.

ఎండలో అన్ని రంగులూ ఉంటాయి. ఆకులో ఉండే పత్రహరితం వాటిలో ఎరుపునూ నీలాన్నీ గట్టిగా పట్టుకుంటుంది. ఆకుపచ్చను అంత బాగా పట్టుకోలేదు. కొంత వాడుకుంటుంది, మిగిలింది తిప్పికొడుతుంది. మన కంటికి కనబడేది ఆ తిప్పికొట్టిందే. అంటే ఆకును చూసి మనం మురిసిపోయే ఆ పచ్చదనం, ఆకు తినగా విస్తట్లో వదిలేసింది. దాన్ని చూసి ఆహా ఎంత బాగా తిన్నదో అనుకునే తెలివి మనది.

పత్రహరితం కూడా ఒక్కటే కాదు. అసలు పని చేసేది ఒక రకం. దానికి అందని రంగులను పట్టి దాని చేతికి అందించేది ఇంకో రకం. ఇవి కాక పసుపు, నారింజ రంగు పదార్థాలున్నాయి. అవి నీలం పక్క వెలుగును పట్టి ముందుకు పంపుతాయి, ఎండ మరీ ఎక్కువైతే ఆ దెబ్బ తామే కాస్తాయి. స్లాబు పోసే రోజు మాలు తట్టలు కిందినుంచి పైదాకా చేతులు మారతాయి చూడండి, అట్లా వెలుగు ఒకదాని చేతినుంచి ఇంకోదాని చేతికి పోయి చివరికి వంట జరిగే చోటికి చేరుతుంది. ఒక్క రంగు పదార్థం ఎండనంతా పట్టుకోలేదు, అందుకే మొక్క ఇన్ని పెట్టుకుంది.

మరి మా అక్క కూరలోని ఎరుపు? దానికి వంటతో పని లేదు. అది గొడుగు. మండే ఎండలో లోపలి పచ్చరంగు మాడిపోకుండా పైన కప్పుకునేది. ఎర్ర ఆకులో కూడా అడుగున పచ్చ ఉంటుంది, ఎరుపు దాన్ని కనబడనివ్వదు. ఎండే లేని చోట గొడుగెందుకు? మొక్క ఆ ఎరుపు తయారుచేయడం మానుకుంది. ఉన్న కాస్త బలాన్నీ వెలుగు పట్టే రంగు మీదే పెట్టింది. రాలిన రవ్వంత వెలుగైనా జారిపోకుండా ఆకును వెడల్పు చేసుకుంది. ఆకలైనవాడు రెండు చేతులూ చాపడం అది. తోటకూర జాతికి ఎండంటే ప్రాణం, నీడలో అది బతకలేదు. ఆ చాపిన చేతులను చూసి వీడు మస్తుగ ఉన్నదంటున్నాడు!

ఇదంతా వాడికి అక్కడే చెప్పాను. దున్నపోతు మీద వాన కురిసినట్టే. "ఏమో మేడం, కంటికి మంచిగనే కొడ్తున్నది" అని నవ్వుకుంటూ పోయాడు.

పెద్దమనుషుల్లో పెడదామన్నాను. మా దగ్గర హద్దు తగాదా వస్తే పెద్దమనుషులు ఆ హద్దు మీదికే వచ్చి నిలబడతారు. మాజీ సర్పంచ్ వచ్చాడు, ఇంకా ఇద్దరు ముగ్గురు వచ్చారు. మేనేజర్ వాళ్ళకు కుర్చీలు వేయించి, చాయ్ తెప్పించి, మా మడిలోంచే గుప్పెడు కూర పీకి వాళ్ళ చేతిలో పెట్టాడు. ఎంత ధైర్యం! మా కూర పీకి మా మీదే సాక్ష్యం! మాజీ సర్పంచ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పచ్చగనే ఉన్నది గద బిడ్డా" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆయన ముసలితనాన్ని చూసి ఆగాను.

కాలేజీ ల్యాబునుంచి స్పిరిటు, అయోడిన్ ముందే తెచ్చిపెట్టుకున్నాను. బడిలో ప్రతి పిల్లా పిల్లాడూ చేసే ప్రయోగమే అది. ముందు అక్క టిఫిన్ డబ్బా తీయించి నాలుగు అన్నం మెతుకుల మీద అయోడిన్ చుక్క వేశాను. మెతుకులు నల్లబడ్డాయి.

"సర్పంచ్ సాబ్, గంజి ఎక్కడుంటే అక్కడ గిట్లనే నల్లగైతది. ఆకు తన తిండి తనే వండుకుంటది. వండుకున్నది గంజిలెక్క దాసుకుంటది. ఇప్పుడు చూడుండ్రి" అన్నాను.

తూర్పు అంచునుంచి ఒక ఎర్ర ఆకు, గోడ పక్కనుంచి ఒక పచ్చ ఆకు తెంపాను. రెండింటినీ రాళ్ళ పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళలో ముంచి మెత్తబడనిచ్చాను. ఎర్ర ఆకు ఎరుపంతా నీళ్ళలోకి దిగిపోయింది, అడుగునున్న పచ్చ బయటపడింది. అది చూసి పెద్దమనుషులు కుర్చీల్లో ముందుకు వంగారు. మంట ఆర్పేసి, ఆకులను స్పిరిటు గ్లాసులో వేసి, ఆ గ్లాసును వేడినీళ్ళలో పెట్టాను. పచ్చరంగంతా స్పిరిటులోకి ఎక్కింది. రెండు ఆకులూ పాలిపోయి ఒక్క తీరుగా అయ్యాయి. ఇప్పుడు రంగు చూసి మోసపోవడానికి ఏమీ లేదు. అయోడిన్ వేశాను. ఎండలో పెరిగిన ఆకు ఈనెల వెంబడి నల్లగా మారింది. గోడ పక్క ఆకు అయోడిన్ రంగులోనే ఉండిపోయింది, అక్కడక్కడ ఏదో మరకలా తప్ప.

మాజీ సర్పంచ్ రెండు ఆకులనూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. "అంటే గిది ఉపాసమున్నదా?" అన్నాడు.

"అవ్. గోడ లేసిన కాడికెల్లి ఉపాసమే" అన్నాను.

ఆ ఒక్క మాటతో గెలిచామనుకున్నాను. అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాని పెద్దమనుషుల న్యాయం ఎప్పుడూ ఇద్దరికీ కాస్త కాస్త పంచేదే కదా. గోడ వాళ్ళ భూమిలో ఉంది, కూలగొట్టమని చెప్పలేం అన్నారు. ఎత్తు తగ్గించమంటే అది తన చేతిలో లేదని మేనేజర్ నెత్తి గోక్కున్నాడు. అప్పుడు నేనే అన్నాను, కనీసం మా వైపు తెల్ల సున్నం వేయండి, పొద్దున తూర్పు ఎండ గోడ మీద పడి మడి మీదికి వాపసు కొడుతుంది, మధ్యాహ్నం పోయిన దాంట్లో కొంతైనా పొద్దున దొరుకుతుంది అని. మాజీ సర్పంచ్ సరే అన్నాడు. మేనేజర్ కూడా తలూపాడు. "రంగే గదా మేడం, దానికేం ఫికర్! మంచి కంపెనీ రంగు ఏపిస్త" అన్నాడు.

క్రిస్మస్ దగ్గర పడుతోంది. పండుగ ముందు ఇంటికి సున్నం వేయడం మా ఇళ్ళలో తప్పనిసరి. ఎంత లేకపోయినా ఆ పని ఆగదు. గొడ్డులా పనిచేసి వచ్చి కూడా అక్క ఒక్కతే ఇల్లంతా తెల్లగా చేసేది. ఆ ఏడు కూడా సున్నంరాళ్ళు తెచ్చి డ్రమ్ములో నానబెట్టింది. నేను సాయం పట్టడానికి వెళ్ళాను. వెళ్ళేసరికి అక్క ఇంట్లో లేదు, మడి దగ్గర ఉందన్నారు.

పోయి చూశాను. గోడకు రంగు పడింది. చివరినుంచి చివరిదాకా, కొత్తగా, నిగనిగలాడుతూ, చిలకపచ్చ.

పచ్చ! ఆకు ఏ వెలుగును అంతగా పట్టుకోకుండా వదిలేస్తుందో, ఏరి కోరి ఆ వెలుగునే గోడ తిరిగి ఆకు మీద పోస్తోంది. ఎరుపునూ నీలాన్నీ గోడే మింగేస్తోంది. విస్తట్లో వదిలేసిన దాన్నే పోగుచేసి మళ్ళీ వడ్డించినట్టు. ఆ పక్కనే అక్క చేతులు కట్టుకుని నిలబడి ఉంది. మేనేజర్ ఫోనులో గోడ ఫొటో తీసుకుంటున్నాడు.

"తెల్లది అని చెప్పిన గదా!" అని అరిచాను. అంత గట్టిగా అరవగలనని నాకే తెలియదు.

"తెల్లది మాసిపోతది మేడం. అయినా పంటకు పచ్చదే మంచిది గదా, నర్సరీల మీద పచ్చ నెట్టే గడ్తరు. మీ మంచికే ఏపిచ్చిన." నిజంగానే అన్నాడు వాడు ఆ మాట. ఎగతాళి కూడా కాదు. మంచి చేశానని నమ్మి, నా మెప్పు కోసం ఎదురుచూస్తున్నాడు. పోనీ పెద్దమనుషులకు చెబుదామంటే, ఫోనులో మాజీ సర్పంచ్ కూడా అదే పాట. "ఏదైతేంది బిడ్డా, రంగైతే ఏసిండు గదా. పచ్చగ, చల్లగ, కండ్లకు మంచిగుంటది." కళ్ళతో చూసి, అన్నం మెతుకుతో సహా చూసి, ఉపాసమని తన నోటితో తనే అన్న మనిషి! నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కాదు, కోపమే అది, వేరే దారి దొరక్క కళ్ళలోంచి వచ్చింది. చెడ్డవాడితో కొట్లాడవచ్చు. మంచి చేశానని మురిసే మూర్ఖుడితో ఏం చేస్తాం?

బావ కూడా వచ్చి ఉన్నాడు. గోడ వంక చూసి, "నేను చెప్తనే ఉన్న. ఇగ వీళ్ళతోని గాదు. ఇచ్చేద్దాం తీయ్" అన్నాడు.

అక్క కొంగు దోపుకుని ఇంటి దారి పట్టింది. అలిగి పోతోందనుకున్నాను. కాసేపటికి అక్క ఇంటి పక్కతని ట్రాలీ ఆటో మడి దగ్గరికి వచ్చి ఆగింది. వెనక పండుగ సున్నం డ్రమ్ము, నిచ్చెన, ఈతమట్ట కుంచెలు, వాటి పక్కన అక్క.

"ఏందక్కా ఇది? ఇంటికి?" అన్నాను.

"ఇల్లు ఏం తింటదే? ఎండ లేకపోతే ఇంటికేమైతది?" అంది. డ్రమ్ములో కర్ర పెట్టి కలుపుతూ, "నీలిమందు ఎయ్యాల్నా వద్దా? నువ్వే చెప్పాలె, చదువుకున్నదానివి."

ఇంటికి వేసే సున్నంలో తెల్లదనం కోసం కాస్త నీలిమందు కలపడం మా అలవాటు. అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది. "ఎయ్యి. ఆకుకు నీలం ఇష్టమే" అన్నాను.

అక్క నిచ్చెనెక్కి మొదటి కుంచె కొట్టింది. మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు. ఇప్పుడు మాత్రం ముఖంలో నవ్వు లేదు. "ఏయ్, ఏయ్! మా గోడ మీద సున్నమేందమ్మా? కొత్త రంగు! దిగు కిందికి! కేసయితది చెప్తున్న!"

అక్క దిగలేదు. నిచ్చెన మీదినుంచే తిరిగి చూసింది. సున్నం చుక్కలు ముఖం మీద పడ్డాయి, తుడుచుకోలేదు.

"గోడ నీదే. ఎవ్వలు కాదన్నరు? నా దిక్కు వచ్చే పొద్దు ఎవ్వని పేరు మీద రిజిస్టరైందో ఆ కాయిదం పట్కరా. పట్కొస్తే నేనే దిగుత, భూమి గూడ నీకే ఇచ్చి పోత. పో, పట్కరా!"

మేనేజర్ ఎవరికో ఫోన్ చేస్తూ గేటు వైపు పోయాడు. నేను రెండో కుంచె అందుకున్నాను. ఇద్దరం చీరలు పాడుచేసుకుంటూ, చేతులు మంటలెత్తేదాకా వేశాం. అక్క నిచ్చెన మీదినుంచి అందినంత మేర వేసి, ఇంకా పైకి అందక కాలివేళ్ళ మీద నిలబడబోతే నిచ్చెన ఊగింది. కిందినుంచి ఎవరో గట్టిగా పట్టుకున్నారు. చూస్తే బావ. "దిగు. పొడుగున్నోన్ని నేనున్న గదా" అన్నాడు. అక్క దిగింది. బావ ఎక్కి, ఆ గోడ పైఅంచు దాకా పచ్చ కనబడకుండా వేశాడు.

ఆ క్రిస్మస్‌కు మా అక్క ఇల్లు నిరుటి మరకలతోనే ఉంది. చర్చినుంచి పాటలు పాడుతూ వచ్చినవాళ్ళు గోడల వంక చూసి, "ఏందక్కా, ఈ యేడు సున్నం ఎయ్యలేదా?" అని అడిగారు. "ఏసిన. చెలకల గోడకు ఏసిన" అని కేకు ముక్కలు పంచింది అక్క.

గోడ అయితే ఇంకా ఉంది, కేసు మాత్రం రాలేదు. మధ్యాహ్నం నీడ ఇంకా పడుతూనే ఉంది. నా కోపం కూడా అక్కడే ఉంది. కానీ ఇప్పుడు పొద్దున ఎండ ఆ తెల్లదనం మీద పడి మడి మొత్తం మీదికి తిరిగి కొడుతుంది, కళ్ళు చికిలించుకుని చూడాలి. కొత్తగా చల్లిన కూరలో ముందు కాడలకు ఎరుపు వచ్చింది. తర్వాత ఆకు నడుమ వచ్చింది. మునుపటంత రాలేదు, గోడ మొదట్లో ఇంకా పచ్చే. అయినా కట్ట కట్టి బస్టాండుకు తీసుకుపోతే, బస్సు కిటికీలోంచి ఒక చేయి బయటికొచ్చింది. "ఎర్రకూరక్కా, మళ్ళ ఎర్రగొచ్చిందే! రెండు కట్టలియ్యి."

మొదటి వానకు సున్నం సగం కారిపోయింది, కింది పచ్చ మళ్ళీ తొంగిచూసింది. ఇచ్చేద్దామనే మాట బావ మళ్ళీ ఎత్తలేదు. ఆటోలో సున్నంరాళ్ళు వేసుకొచ్చి డ్రమ్ములో పోసి, "ఈసారన్న ముందుగాల ఇంటికేద్దామా?" అని అక్కను అడిగాడు.

అక్క డ్రమ్ములో నీళ్ళు పోస్తూ, తల ఎత్తకుండానే అంది, "ఇల్లు ఆగుతది. ఆకు ఆగదు."